కుదుళ్లతో సహా

ఆ వెంట్రుకలు తనను పట్టిస్తాయని తెలిసి కూడా మీఠే ఖాన్ ఆ గుర్రప్పిల్లను కదలకుండా ఎందుకు పట్టుకున్నాడు?

తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ పిల్ల ఇప్పుడు నిలువెత్తు నల్లగుర్రం. బాలోత్రా పట్నంలో పశువుల డాక్టరు సిరే కన్వర్ పెరట్లో ఉంటుంది. పొద్దున్నే దాని జూలు దువ్వుతుంటే ఆమె చెయ్యి ఒక్కోసారి దానంతటదే ఆగిపోతుంది. ఆ ప్రశ్న తనను తాను ఎన్నిసార్లు అడిగిందో.

మీఠే ఖాన్ పచ్‌పద్రా ఉప్పుమళ్లకు అవతల, సిరే తండ్రి జోరావర్ సింగ్ ఠాకూర్ గుర్రాలశాలలో నలభై రెండేళ్లు పనిచేశాడు. పొట్టి మనిషి. ఎప్పుడో ఏదో గుర్రం కొరికితే ఎడమ చెవి అంచు చిరిగి అలాగే అతుక్కుంది. సజ్జరొట్టె, ఎర్రమిరప పచ్చడి, గిన్నెడు మజ్జిగ ఉంటే అతనికి పూట గడిచిపోయేది. గుర్రాలకు పొగ పడదని బీడీ మాత్రం శాల బయట గోడవారన కూర్చుని కాల్చేవాడు. భార్య పోయాక ఇల్లు కొడుక్కి వదిలేసి, శాలలో తెల్లటి మగగుర్రం బతాషా కట్టుకొయ్య పక్కనే మంచం వేసుకున్నాడు. బతాషా పుట్టినప్పుడు తల్లి దగ్గరికి రానివ్వకపోతే మేకపాలు పట్టి బతికించింది అతనే.

గుర్రప్పిల్ల పుట్టినప్పటి రంగు చివరిదాకా ఉండదు. మూడు నాలుగు నెలలకు తొలి వెంట్రుకలు రాలి, కిందినుంచి అసలుది వస్తుంది. ఆ అసలుదేమిటో ముందే చెప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల మీఠే ఖాన్ ఒక్కడే. అక్కడ పిల్ల పుట్టిన ఆరోనాడు రంగు పలికించడం ఆచారం. నలుగురూ చేరేవారు. అతను పిల్ల మొహాన్ని వెలుతురుకు తిప్పి, కనురెప్పల అంచుల్ని బొటనవేలితో సాగదీసి, చెవుల లోపలా ముట్టె మీదా వెంట్రుకల్ని ఎదురు దువ్వి చూసి, ఒక్క మాట అనేవాడు. అన్న మాటకు బెల్లం పంచేవారు. ఆ మాట ఒక్కసారీ తప్పలేదు.

ఉప్పుమళ్ల ఆడవాళ్లు దారికి అడ్డం వచ్చి ఆటపట్టించేవారు. "ఖాన్ కాకా, మా కోడలి కడుపులోది తెలుపో నలుపో చెప్పరాదూ?"

"ముందు నీ కొడుకుని పంపవే. వాడి జూలు ఎదురు దువ్వి చూడాలి," అనేవాడు.

సిరేకి ఏడేళ్లప్పుడు ఆమెను భుజం మీద ఎక్కించుకుని ఆ విద్య చెప్పాడు. దొరబిడ్డని అతను బాయీసా అనే పిలిచేవాడు. "కాటుకలా నిగనిగలాడుతూ పుట్టిందనుకోండి బాయీసా, కళ్లచుట్టూ చూడాలి. అక్కడ ఒక్క తెల్ల వెంట్రుక కనబడితే అది పెద్దయ్యాక పాలనురుగే. బూడిదరంగులో పుట్టిందా, అందరూ తెల్లబడుతోందని మురిసిపోతారు. పిచ్చివాళ్లు. అదే అసలైన నలుపు." ఆమె తర్వాత బీకానేర్‌లో ఐదేళ్లు పశువైద్యం చదివి జన్యువుల పేర్లన్నీ నేర్చుకుంది. ఆ చదువు ఎక్కడా అతని మాటను కొట్టేయలేదు.

ఠాకూర్ గుమ్మంలో మూడు తరాలుగా తెల్లగుర్రమే నిలబడుతోంది. గణగౌర్ పండగ ఊరేగింపుకి ముందు నడిచేది అదే. నల్లది ఆ గుమ్మం ఛాయలకు రాకూడదు. ఠాకూర్ తాత నల్లగుర్రం మీదనుంచి పడే పోయాడు. ఇంకో నియమం కూడా ఉండేది: పని చేయనిదానికి మేత లేదు. అలాంటిదాన్ని ఠాకూర్ సంతలో దళారి చేతికి ఇచ్చేసేవాడు. తర్వాత అది ఏదో ఇటుకబట్టీలో బరువులు లాగుతూ కనబడేది. అందుకే కేసర్ అనే ఎర్రగుర్రం బతాషాకి చూలు కట్టిందని తెలిసి ఇల్లంతా సంబరపడింది. బతాషాకి పందొమ్మిదేళ్లు. వంశానికి ఇంకో తెల్లది వస్తోంది.

ఫాల్గుణంలో కేసర్ ఈనింది. మగపిల్ల. బూడిదరంగు.

"చూశావా మీఠే! అప్పుడే సగం తెల్లబడి పుట్టింది!" ఠాకూర్ తొడ చరుచుకున్నాడు.

ఆరోనాడు సిరే కూడా వచ్చింది. మీఠే ఖాన్ పిల్లను వెలుతురుకు తిప్పాడు. రెప్పలు సాగదీశాడు. ఎప్పుడూ లేనిది, రెండోసారి సాగదీశాడు. పక్కన నిలబడ్డ సిరేకి పిల్ల కళ్లచుట్టూ ఒక్క తెల్ల వెంట్రుకా కనబడలేదు.

"తెలుపు," అన్నాడు మీఠే ఖాన్.

బెల్లం పంచారు. సిరే తన ముక్క నోట్లో వేసుకోలేదు. జనం వెళ్లాక గోడవారన అతన్ని పట్టుకుంది.

"కాకా, బూడిదరంగుది నల్లబడుతుందని నాకు చెప్పింది నువ్వే కదా?"

"ఎప్పుడు చెప్పాను?"

"నాకు ఏడేళ్లప్పుడు."

"ఏడేళ్ల పిల్లకి ఎన్నో చెప్తాం. చందమామని కూడా గుర్రమే లాగుతుందని చెప్పాను. నమ్మారా?"

"నమ్మాను," అంది సిరే.

అతను బీడీ ఆర్పేసి లేచాడు.

మర్నాడు వెంట్రుకలు తీయాలి. జాతిగుర్రమని కాగితం రావాలంటే పిల్ల జూలు నుంచి ఇరవై వెంట్రుకలు పరీక్షకు పంపాలి. డాక్టరుగా సంతకం ఆమెది. పిల్ల గింజుకుంటుంటే మీఠే ఖాన్ ఒక చెయ్యి దాని రొమ్ముకింద, ఒక చెయ్యి తోకమొదట వేసి బిగించి పట్టుకున్నాడు. మొదటి నాలుగూ మధ్యలోకి తెగాయి.

"తెంపకండి బాయీసా. కుదుళ్లతో సహా రావాలి. కుదురు లేకపోతే వెంట్రుక ఏమీ చెప్పదటగా? బతాషాకి తీసినప్పుడు మీరే అన్నారు."

ఆమె వేలికి చుట్టుకుని లాగింది. ఇరవై వచ్చాయి. కవరు అంచు నాలుకతో తడిపి అంటించింది కూడా అతనే.

మూడు వారాలకు ఫలితం ఆమె ఫోనుకు వచ్చింది. తెల్లబడే జన్యువు: లేదు. ఆమె మళ్లీ చదివింది. ఎరుపు చాటున నలుపు తరాలపాటు దాగి ఉండగలదు, కేసర్‌లో ఉన్నట్టు. తెల్లబడే గుణం అలా దాగదు. తల్లి వంతో తండ్రి వంతో ఒక్కటి ఉన్నా బయటపడి తీరుతుంది. బతాషాలో ఆ రెండు వంతులూ ఉన్నాయని రెండేళ్ల కిందటే తేలింది. కాబట్టి దానికి పుట్టిన ప్రతి పిల్లకూ ఒక వంతు వచ్చి తీరాలి. ఈ పిల్లకు రాలేదు. అంటే ఇది బతాషా పిల్ల కాదు. కేసర్‌ని మగగుర్రానికి దాటించిన రోజు తాడు పట్టుకున్నవాడు మీఠే ఖాన్ ఒక్కడే.

ఆ మధ్యాహ్నమే ఆమె శాలకు వెళ్లింది. అతను బతాషా జూలులో పల్లేరుకాయలు ఏరుతున్నాడు.

"కాకా, పిల్ల తండ్రి ఎవరు?"

అతను తల తిప్పలేదు. "పేమారాం తోలే ఉప్పుబండి గుర్రం. నల్లదని పిల్లల కోసం ఎవరూ అడగరు గానీ మంచి ఎముక, బాయీసా."

"ఎందుకిలా చేశావు?"

అతను బతాషా తోక ఎత్తాడు. తోకకింద నేరేడుపళ్లంత నల్లటి గడ్డలు, గుత్తిగా. తెల్లబడిన గుర్రాలకు వయసు మీదపడ్డాక అవి వస్తాయని ఆమెకు తెలుసు. వచ్చాక పోవనీ తెలుసు.

"రెండు చలికాలాలుగా ఉన్నాయి. కేసర్ దగ్గరికి తీసుకెళ్తే ముందుకాళ్లు ఎత్తలేక వణుకుతూ నిలబడ్డాడు. సిగ్గుపడ్డాడు బాయీసా. నేను అటు తిరిగి నిలబడ్డాను."

"నాకు చెప్పొచ్చుగా?"

"మీరు డాక్టరు. మీకు చెబితే కాగితం మీద పడుతుంది. హుకుం చెవిన, మీ నాన్నగారి చెవిన పడిందా, వీడు బట్టీకే. కేసర్ చూలు కట్టకపోయినా అంతే."

"మరి పిల్ల? నాలుగో నెలకి దాని రంగు అందరికీ కనబడదా?"

"వీడు నాలుగో నెల దాకా ఉండడనుకున్నాను. ఇక్కడే, ఈ కొయ్య దగ్గరే పోతాడనుకున్నాను. తర్వాత నన్నేమన్నా ఫర్వాలేదు." బతాషా మెడ మీద చరిచాడు. "చూడండి దొంగని. నిన్నటినుంచి మేత పెంచాడు."

సిరేకి నవ్వు రాలేదు. "తండ్రి అని బతాషా పేరు రాసి దానికింద నేను సంతకం పెట్టలేను, కాకా."

"పెట్టమన్నానా?"

అనలేదు. అతను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కాదనడం తేలికయ్యేది. ఆమె బాలోత్రా వెళ్లిపోయి కాగితం మీద సంతకమూ పెట్టలేదు, తండ్రికీ చెప్పలేదు. గడ్డలకు పూతమందు పంపి ఊరుకుంది. ఇంటినుంచి ఫోను మోగినప్పుడల్లా మొదటి మోతకే ఎత్తేది.

మూడో నెలలో ఠాకూర్ కబురు పంపాడు. ఆమె వెళ్లేసరికి పిల్లను వాకిట్లోకి తెచ్చి నిలబెట్టారు. దాని కళ్లచుట్టూ, ముట్టె మీదా బూడిద రాలిపోయి, లోపలినుంచి నల్లటి మఖమలు తొంగిచూస్తోంది. మీఠే ఖాన్ తాడు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"నీ కాగితం ఏమంటోంది బాయీ?" అన్నాడు ఠాకూర్.

"నల్లబడుతుంది, బాపూసా."

"బతాషా పిల్ల ఒక్కటీ నల్లబడలేదు. కాగితం ఇంకేమంటోంది?"

వెంట్రుకలు తారుమారయ్యాయి అనొచ్చు. పరీక్ష తప్పు అనొచ్చు. దారి పొడవునా ఆ రెండు మాటలూ మనసులో తిప్పుకుంటూనే వచ్చింది. నోరు తెరిచింది. పిల్ల ముట్టె మీది నలుపు చూసి మూసుకుంది.

"హుకుం, తప్పు నాది," అన్నాడు మీఠే ఖాన్. "కేసర్‌ని పేమారాం గుర్రానికి దాటించాను. నలుపని తెలిసే తెలుపని పలికాను."

ఠాకూర్ అతని చిరిగిన చెవి వైపు చూశాడు. "ఆ ఉప్పుబండివాడు నీకేం ఇచ్చాడు?"

మీఠే ఖాన్ తాడు రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"చెప్పు. నలభై రెండేళ్ల మాటని దేనికి అమ్మావు?"

అసలు కారణం చెబితే ఎవరైనా వెళ్లి బతాషా తోక ఎత్తి చూస్తారు. అతను తల వంచుకుని, లంచం తిన్నవాడిలాగే నిలబడ్డాడు. సిరే అన్నీ తెలిసి, నాలుగు అడుగుల దూరంలో, అలాగే నిలబడిపోయింది.

"పొద్దున్నకల్లా నీ మంచం నా శాలలో కనబడకూడదు. ఈ నల్లదాన్ని కూడా నా కళ్లముందునుంచి తీసేయండి."

"నేను తీసుకెళ్తాను," అంది సిరే. పిల్ల కోసం నోరు లేచింది.

ఆ వానాకాలం దాకా బతాషా ఆ కొయ్య దగ్గరే ఉంది. కొత్త మనిషికి తోక ఎత్తి చూసే అలవాటు లేదు. సిరే వచ్చినప్పుడు మందు రాసేది. ఒక మధ్యాహ్నం మేత నోట్లో ఉండగానే అది అక్కడే ఒరిగి పోయింది. మీఠే ఖాన్ కోరింది అదే.

కానీ మీఠే ఖాన్‌ని పొమ్మన్న ఆ రోజు రాత్రి సిరే పుట్టింట్లోనే ఉండిపోయింది. పొద్దున్నే అతనితో మాట్లాడాలి, ఆ తర్వాత తండ్రితో, అనుకుంది. తెల్లవారుతుండగా రెండు గ్లాసుల్లో టీ పోసుకుని శాలకు వెళ్లింది. బతాషా ముందు మేత వేసి ఉంది, తొట్టి నిండా నీళ్లున్నాయి. తోకకింద కడిగి మందు పూసిన తడి ఇంకా ఆరలేదు. కేసర్ దగ్గర పిల్ల పాలు తాగుతోంది. మంచం శాల బయట, బీడీ కాల్చుకునే గోడకు నిలువుగా ఆనించి ఉంది.

ఉప్పుమళ్ల గట్టు మీద పొట్టి మనిషి ఒకడు నెత్తిన మూటతో నడిచిపోతున్నాడు. పిలిస్తే వినబడే దూరమే. ఆమె పిలిచింది. అతని నడక తడబడలేదు. అతను వెనక్కి తిరగలేదు.