రెండో తట్టు

రహీం సర్దార్‌కు క్లోమంలో క్యాన్సర్ అని ఒక్క స్కాను, ఒక్క రక్తపరీక్ష చూసి తేల్చేసి ఇంటికి పంపారు. క్లోమంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి చూడలేదు. శరీరమే తన క్లోమం మీద తిరగబడే జబ్బు ఒకటుందని, దాన్ని పట్టడానికి ఐజీజీ4 అనే రక్తపరీక్ష ఉందని, ఆ జబ్బే అయితే మాత్రలకు తగ్గుతుందని ఒక్కరూ నోరెత్తలేదు. ఇన్నేళ్లయినా నాకది అన్యాయంగానే ఉంది.

ఈ ఉదయం పక్కింట్లో మేస్త్రీ కొత్తగా పరచిన బండలను కర్రతో తడుతున్నాడు. కింద డొల్ల ఉన్నచోట చప్పుడు మారుతోంది. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. బెల్లంపల్లి బొగ్గుబాయిలో మా గుంపుకు సర్దార్, అంటే పెద్ద, రహీం. మేం పనిలోకి దిగేముందు పైకప్పును అలాగే కర్రతో తట్టేవాడు. కప్పు గట్టిగా ఉన్నట్టు ఖంగుమనగానే నేను తట్ట పట్టుకుని ముందుకురికేవాణ్ని. భుజం పట్టి ఆపేవాడు.

"అరే మల్లన్నా, పెండ్లి భోజనానికి పోయినట్టు ఉరుకుతవేంది? ఒక్క తట్టుకు కప్పు నిజం చెప్పది. ఇంకో జాగల తట్టు. పగులుందా చూడు. చెయ్యి పెట్టి చూడు."

బడి ముఖం చూడని నాకు చదువు చెప్పిందీ ఆయనే. షిఫ్టు దిగాక మిర్చీలు కొని, పొట్లం కాగితం నా చేతిలో పెట్టి, మిర్చీలు తన దగ్గరే ఉంచుకునేవాడు. "సదివినంత తిను" అనేవాడు. తెలియని మాటను నేను ఊహించి చదివేస్తే, "అచ్చరాలు చూడు, నా మొఖం కాదు" అంటూ ఒక మిర్చీ తనే నమిలేవాడు.

రిటైరయ్యాక ఆయన కళ్లు పచ్చబడ్డాయి. ఒళ్లంతా దురద. దవడల కింద రెండువైపులా వాచింది. "ముసలితనంల బుగ్గలొచ్చినయ్, మల్ల నిఖా చేస్తరా?" అని నవ్వించాడు. పట్నంలో పెద్ద డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్లాను.

"క్లోమం వాచింది. రక్తంలో క్యాన్సర్ గుర్తు పెరిగింది. ఇంక చేసేదేం లేదు" అన్నాడాయన.

"ముక్క తీసి చూడరా సాబ్?" అని సర్దార్ అడిగాడు.

"అంతా క్లియర్‌గానే ఉంది" అంటూ డాక్టరు తర్వాతి మనిషిని పిలిచాడు.

తిరుగు బస్సులో సర్దార్ కిటికీ చట్రాన్ని వేలితో ఒక్కసారి తట్టాడు. "ఒక్కటే తట్టు తట్టిండు మల్లన్నా" అన్నాడు. వానలు పడకముందే పోయాడు.

తర్వాత కరీంనగర్ లైబ్రరీలో దొరికిందల్లా చదివాను. పైత్యరసం అడ్డుపడి కామెర్లొస్తే, క్యాన్సర్ లేకున్నా ఆ గుర్తు పెరగొచ్చట! కనిపించిన డాక్టరునల్లా అడిగాను. కొందరు నవ్వారు. కొందరు పోయినవాళ్ల ముచ్చట ఇప్పుడెందుకన్నారు. ఏది విన్నా, ఏది చదివినా ఇంకో జాగాలో తట్టి చూసే అలవాటు మాత్రం నాకు పోలేదు. భుజం పట్టి ఆపే ఆ చెయ్యే లేదు.

మొన్న షుగరు చూపించుకోవడానికి వెళ్తే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మొదటిసారి నా మాట చివరిదాకా విన్నది. దవడల వాపు సంగతి చెప్పగానే పెన్ను కింద పెట్టింది.

"గా ఐజీజీ4 ఒక్కటి చేస్తే మా సర్దార్ బతుకుతుండె గద బిడ్డా?" అన్నాను.

ఆమె కుర్చీ నా వైపు జరుపుకుని చెప్పింది:

"గా ఒక్కటి చూసి గూడ చెప్పలేం బాపూ. కొందరికి ఆ జబ్బున్నా అది పెరగది. క్యాన్సరున్న కొందరికి గూడ పెరుగుతది. స్కాను, రక్తం, ముక్క, ఆ జబ్బుల గూడ వచ్చే దవడల వాపు, అన్నీ కలిపి చూడాలె. ఆయనది ఏ జబ్బో ఇప్పుడు నేను చెప్పలేను, నువ్వూ చెప్పలేవు. కానీ ముక్క తీసి చూడుమని ఆయన అడిగిండు గద. సరిగ్గనే అడిగిండు."