పిన్ని ఆఫ్ రోజు

ఆ మధ్యాహ్నం బాబాయి మేలుకునే ఉన్నాడని పిన్నికి తెలుసా, తెలియదా? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అడిగి తెలుసుకోవడానికి పిన్ని ఆ తరవాత చాలా కాలమే ఉంది. నాకే అడగబుద్ధి కాలేదు.

పిన్ని ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చదువు కోసం నేను వాళ్లింట్లో ఉన్న రోజుల్లో, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మాట్లాడాలంటే నంబరు చెప్పి, ఆపరేటరు కలిపేదాకా కాచుక్కూర్చోవాలి. పిన్ని మర్చిపోయిన భోజనం డబ్బా ఇవ్వడానికి వెళ్లి ఓసారి ఆ గది చూశాను. గోడంత బోర్డు, దాని ముందు వరసగా ఆడవాళ్లు, చెవులకి హెడ్‌ఫోన్లు, చేతుల్లో తీగలు. ఎవరో ఎక్కడో ఎదురుచూస్తున్నారంటే బోర్డు మీద చిన్న దీపం వెలుగుతుంది. అంతమంది మాట్లాడుతున్నా గదిలో తేనెపట్టు దగ్గర వినిపించేంత చప్పుడే. గొంతు పెంచడం అక్కడ తప్పు.

ఇంట్లోనూ పిన్ని గొంతు అంతే. పక్కగదిలో ఉన్న నన్ను పిలవాలన్నా లేచి వచ్చి చెవి దగ్గర చెప్పేది. "మీ పిన్ని పిలవదు, కలుపుతుంది" అనేవాడు బాబాయి.

బాబాయి గూడ్సు రైలు గార్డు. ప్యాసింజరు బండికైతే ఒక వేళంటూ ఉంటుంది, గూడ్సుకి దాని చిత్తం. చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని, ఆపిన చోట ఆగి, దారి ఇచ్చినప్పుడు కదిలి, అమావాస్యకో పున్నానికో ఇల్లు చేరేవాడు. చేరాక కూడా ఒళ్లు రైల్లోనే ఉండేది. నిద్రపోతే కుడి పాదం పట్టాల అతుకుల మీద వెళ్తున్నట్టు ఊగుతూ ఉండేది. అది ఆగిందంటే మెలకువ వచ్చిందన్న మాట. పిన్ని వంటింట్లోంచి తొంగి చూసినప్పుడు ఆయన ముఖం చూసేది కాదు, పాదం చూసేది. "బండి ఇంకా నడుస్తోంది. కాఫీ ఇప్పుడే కలపకు" అనేది నాతో.

మా వీధి మొత్తానికి ఫోనున్న ఇల్లు అదొక్కటే. ఆఫీసు వాళ్లు పెట్టించారు. ఊరికే పెట్టిస్తారా? ఆఫ్ రోజున అవసరమైతే పిలవడానికి పెట్టించారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, డ్యూటీ చార్టు ఇచ్చిన సెలవుని సూపర్‌వైజరు ఇచ్చేది కాదు. ఒకరికి జ్వరమనీ, ఇంకొకరి పిల్లాడు మెట్ల మీంచి పడ్డాడనీ, నీ సీటు ఖాళీగా ఉంది, ఒక్క పూట వచ్చి వెళ్లమ్మా అనీ పిలిచేది. ఆ ఒక్క పూట దీపాలు పెట్టే వేళ దాటితే గానీ పూర్తయ్యేది కాదు. పిన్నికి బారెడు జుట్టు. ఆఫ్ రోజున తప్ప తలంటుకునే తీరిక ఉండదు. అది ఆరేలోపే ఫోన్ మోగేది. తడిజుట్టు ముడేసుకుని వీధిలో గబగబా నడిచి వెళ్తుంటే, ఎదురింటి టైలరు మిషను ఆపి మరీ, "తల తడిగా ఉందంటే ఇవాళ మీకు సెలవన్న మాట" అనేవాడు. పిన్ని నవ్వేసేది. ఆయన ఎకసెక్కానికన్నా అందులో ఉన్న నిజానికి నవ్వేదనుకుంటాను.

బాబాయి ఇంట్లో ఉండే రోజూ, పిన్ని ఆఫ్ రోజూ కలవడమే అరుదు. కలిసినా ఫోన్ ఊరుకోదు. ఓసారి బాబాయికి విసుగొచ్చి ఫోన్ తీసుకెళ్లి దుప్పట్ల పెట్టెలో పెట్టి మూత వేశాడు. పిన్నిని ఆ పెట్టె మీద కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా కాళ్లూపుకుంటూ ఏవో కబుర్లు చెప్పుకుంటుంటే, పెట్టెలోంచి పిల్లికూన అరిచినట్టు ఫోన్ మోగింది. నాకు నవ్వాగలేదు. పిన్ని మాత్రం చటుక్కున లేచి, బాబాయిని కూడా లేపి, మూత తెరిచి, దుప్పట్లు లాగేసి, రిసీవరు చెవిన పెట్టుకుంది. ఆఫీసే. పెట్టేశాక బాబాయి ముఖం చూడలేక గోడకేసి చూస్తూ, "మీరేమో అనుకున్నా" అంది.

"నేను ఇక్కడే కూర్చుంటేనా?"

"అలవాటండీ. అది మోగితే మీరే అనిపిస్తుంది."

బాబాయి కింద పడ్డ దుప్పట్లు ఒక్కొక్కటే మడత పెట్టి మళ్లీ పెట్టెలో సర్దాడు.

ఆ అలవాటుకి కారణం ఉంది. గూడ్సు బండిని గంటలకి గంటలు ఏదో చిన్న స్టేషన్లో పక్క లైను మీద నిలబెట్టినప్పుడు, బాబాయి స్టేషను మాస్టర్ని బతిమాలి ట్రంకు కాల్ చేసేవాడు. చాలాసార్లు అది పిన్ని బోర్డుకే వచ్చేది. ఆపరేటర్లు సొంతవాళ్లతో మాట్లాడకూడదని కట్టుదిట్టమైన నియమం. సూపర్‌వైజరు బాబాయి కాల్ వస్తే మాత్రం చూడనట్టు అటు తిరిగి కిటికీ తెర సర్దుకునేది. ఆ తెర సర్దుకునేంత సేపే వాళ్ల సంసారం. తిన్నారా అని ఈవిడ, తిన్నాను నువ్వో అని ఆయన. అటువంటి సూపర్‌వైజరు రమ్మంటే రానని ఏ నోటితో అంటుంది? వారం వారం తన సెలవు ఇచ్చి, ఆయన గొంతు తెచ్చుకునేది.

అంతలో బాబాయిని దూరపు లైనుకి వేశారు. అక్కణ్నించి ఫోన్ చేసినా ఆ తీగలు వేరే ఎక్స్ఛేంజి మీదుగా పోతాయి, పిన్ని బోర్డుకి రావు. వెళ్లే ముందు ఒక్క రోజు ఇంట్లో ఉంటానన్నాడు. పిన్ని చార్టు చూసుకుంటే ఆ రోజు తన ఆఫ్. జీవితంలో మొదటిసారి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, రేపొక్కటీ నన్ను పిలవకండి అని అడిగిందట. ఆవిడ పిన్ని చేతిలో చెయ్యేసి, పిలవనంది.

తరవాతి సంగతి ముందే చెప్పేస్తాను. బాబాయి ఆ దూరపు లైనులోనే రిటైరయ్యాడు. పండక్కో పబ్బానికో అన్నట్టు వచ్చి పోయేవాడు. పూర్తిగా ఇంటికి వచ్చేసే నాటికి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చి పిన్ని బోర్డు తీసేశారు. అప్పుడు ఇద్దరికీ అన్నీ సెలవులే. కానీ ఏళ్ల తరబడి చక్రాల రొద విని విని బాబాయి చెవులు మందగించాయి. గట్టిగా మాట్లాడితే తప్ప వినపడదు. గట్టిగా మాట్లాడటం పిన్నికి చేతకాదు. ఆయన పక్కన కూర్చుని పెదవులు ఆయన చెవికి తగిలేంత దగ్గరగా పెట్టి చెబుతుంటే, "లైను సరిగ్గా లేదమ్మా, మళ్లీ చెప్పు" అనేవాడాయన. అవన్నీ నేను చూశాను. అయినా పిన్ని పేరు తలుచుకుంటే నా మనసు పోయేది ఆ ఒక్క రోజు దగ్గరికే.

ముందురోజు సాయంత్రం వచ్చాడు బాబాయి. రేపు ఏం చేద్దామని అడిగితే పిన్ని, "ఏమీ చేయొద్దు. ఊరికే ఇద్దరం ఉందాం" అంది. మళ్లీ తనే, "వీధి తలుపు గడియ కీచుమంటోంది. దానికి మాత్రం కాస్త నూనె వెయ్యండి" అంది.

పొద్దున్నే లేచి గడియ ఊడదీసి, తుడిచి, నూనె వేసి బిగించాడు. చిన్న పనిని పెద్దగా చేయడం ఆయన సరదా. తెరిచి మూసి, తెరిచి మూసి, "ఏం పుస్తకమ్మా, వినపడుతోందా?" అని నన్నడిగాడు. నేనెప్పుడూ పుస్తకంలో తలదూర్చి ఉంటానని ఆయన నాకు పెట్టిన పేరది. వినపడటం లేదన్నాను. పిన్ని తలంటుకుని పెరటి మెట్టు మీద ఎండలో కూర్చుంది. వెనక మెట్టు మీద కూర్చుని బాబాయి చిక్కులు తీశాడు. ఎప్పుడూ తీసినవాడు కాదు, లాగేస్తుంటే పిన్ని, "అది జుట్టండీ, జెండా కాదు" అంది. ఎండ తిరిగేదాకా అక్కడే ఉన్నారు. అన్నాల వేళ అయింది. ఫోన్ మోగలేదు. పిన్ని జుట్టు పూర్తిగా ఆరింది. ఆరిన జుట్టు వీపంతా పరుచుకుని ఉంటే ఆవిడ వేరే మనిషిలా కనిపించింది నాకు.

భోజనాలయ్యాక బాబాయి చాప వేసుకుని పడుకున్నాడు. పాదం ఊగడం మొదలైంది. పిన్ని పక్కనే గోడకి చేరగిలి కూర్చుని విసనకర్రతో విసురుతోంది. నేను కిటికీ దగ్గర చదువుకుంటున్నాను.

ఫోన్ మోగింది.

మొదటి మోతకే బాబాయి పాదం ఆగిపోయింది. నేను చూశాను. కళ్లు మాత్రం తెరవలేదు.

పిన్ని లేచి ఎత్తింది. ఆఁ, ఆఁ అని వింటోంది. ఎవరూ దొరకలేదా అని ఒక్కసారి అడిగింది. తరవాత చాలాసేపు విని, వస్తున్నాననైనా అనకుండా రిసీవరు పెట్టేసి, నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "ఎగువన వరదట. వాళ్లవాళ్లు ఉన్నారో లేరో తెలియక జనం ఫోన్ల దగ్గర ఏడుస్తున్నారట. బోర్డంతా దీపాలేనట."

వెళ్లొద్దని నేను అనలేదు. అనే వయసు కాదు నాది. పిన్ని అద్దం చూసుకోకుండానే జుట్టు ముడేసింది. చెప్పులు చేత్తో పట్టుకుంది. బాబాయి నిద్రలో ఉన్నా సరే, వంగి చెవి దగ్గర వెళ్లొస్తానని చెప్పి గానీ గడప దాటేది కాదు ఎప్పుడూ. ఆ రోజు కూడా చాప దగ్గరికి వచ్చింది. తల వైపు కాదు, కాళ్ల వైపు. అక్కడ నిలబడింది. తరవాత దండెం మీది దుప్పటి తీసి, అంత ఎండవేళ, ఆయన పాదాల మీద కప్పింది. మోకాళ్ల దాకా కూడా లాగలేదు. పాదాల మీద మాత్రమే.

వీధి తలుపు గడియ తీసింది. చప్పుడు కాలేదు.