గోత్రానికి పర్యాయపదం లేదు

2001లో రాజమండ్రి దానవాయిపేటలో, ఒక మేడ మీద గదిలో నా స్పీచ్ థెరపీ క్లినిక్ ఉండేది. మాటలు ఆలస్యమైన పిల్లలు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు వచ్చేవారు. ఆ ఏడాది మాఘమాసంలో సుబ్రహ్మణ్యం వచ్చాడు. ముప్ఫై లోపు వయసు, పిలక, భుజాన కండువా. వాళ్లది పౌరోహిత్యం చేసే కుటుంబం.

నత్తి అన్నాడు గానీ, ఎంతసేపు మాట్లాడినా ఒక్క తడబాటూ నాకు వినబడలేదు. ఊరేదని అడిగాను.

“రావులపాలెం దాటి అమలాపురం వైపు వెళ్తుంటే తగుల్తుందండి.”

“కొత్తపేటా?”

“అదేనండి.”

నాకు అనుమానం వచ్చింది. ఆనాటి పేపరు ఇచ్చి చదవమని, పక్కనుంచి నేనూ చూస్తూ కూర్చున్నాను. అచ్చులో ‘కలెక్టరు’ అని ఉంటే ‘జిల్లా అధికారి’ అన్నాడు. ‘కూలీలు’ పనివాళ్లయ్యారు. ‘కొబ్బరి రైతులు’ తోటల రైతులయ్యారు. ‘క’తో మొదలయ్యే మాట ఒక్కటీ పలక్కుండా, అర్థం చెడకుండా, వార్తంతా అప్పటికప్పుడు వేరే మాటల్లోకి మార్చి గడగడా చదివేశాడు. దీన్ని మేం వర్డ్ సబ్‌స్టిట్యూషన్ అంటాం. అడ్డుపడే మాటను వదిలేసి, అదే అర్థమున్న ఇంకో మాట వాడుకోవడం. నత్తి ఉన్నవాళ్లు చాలామంది చేస్తారు. ఇంత ఒడుపుగా చేసినవాణ్ని మాత్రం నేను అంతకుముందు చూడలేదు.

“ఇంత నేర్పుంటే నాతో పనేంటండీ మీకు?”

“పేర్లకి వేరే మాటలుండవు గదండీ,” అన్నాడు.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. తండ్రిగారికి గొంతు ఆపరేషనై మాట పోయింది. వైశాఖంలో ఒక పెళ్లి ఇతనే జరిపించాలి. మంత్రాలకు బెంగ లేదు, స్వరంతో సాగేచోట నత్తి పెద్దగా అడ్డురాదు. గండమంతా ప్రవర దగ్గరే. వరుడి గోత్రం, ముత్తాత, తాత, తండ్రి పేర్లు పదిమందికీ వినబడేలా మూడుసార్లు చెప్పాలి. మామూలు పూజల్లో ‘మీ గోత్రం మీరు చెప్పుకోండి’ అని తప్పించుకునేవాడు. ఇక్కడ ఆ వీలు లేదు. వరుడిది కౌండిన్యస గోత్రం, ముత్తాత కామేశ్వర శర్మ. ఈ పెళ్లిలో నోరు పెగలకపోతే ఊళ్లో వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు.

“అయితే ఇవాళ్టి నుంచి మాట మార్చడానికి వీల్లేదు. ఆగిపోతే ఆగిపోండి, అదే మాట పూర్తిచెయ్యండి,” అన్నాను.

నత్తి పోగొట్టమని వస్తే నత్తిపడమంటోందేంటి ఈవిడ అన్నట్టు చూశాడు. ఈజీ ఆన్‌సెట్ నేర్పించాను, అంటే కాస్త ఊపిరి వదిలి అక్షరాన్ని మెత్తగా అందుకోవడం. బజారుకెళ్లి కంద అడిగి కొనుక్కురమ్మన్నాను.

“కం... కంద అడగలేకే ఇన్నేళ్లూ పెండలం తెస్తున్నానండి. నాకు పెండలం ప్రాణమనుకుంటుంది మా ఆవిడ.”

ఇద్దరం పడీపడీ నవ్వాం.

కంద తెచ్చాడు. కొట్టాయన నవ్వాడట, అయినా ఆ మాట మీదే నిలబడ్డాడట. చాటున ఉన్న నత్తి బయటపడేసరికి ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. ఈ వైద్యం మానెయ్యమని తండ్రిగారు సైగ చేశారట. పెళ్లి చేజారుతుందేమోనని నాకూ భయం వేసింది. మానేద్దామా అని అడిగితే, “మానేది లేదండి. క... కడదాకా చూద్దాం,” అన్నాడు.

పెళ్లికి నన్నూ పిలిచాడు. ప్రవర మొదలైంది. ‘కౌ’ దగ్గర ఆగిపోయాడు. దవడ బిగుసుకుంది. వరుడి తాతగారు పక్కనుంచి “కౌండిన్యస” అని అందించబోయారు. సుబ్రహ్మణ్యం చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. తల దించుకోలేదు. ఊపిరి వదిలి మళ్లీ అందుకున్నాడు. “కౌ... కౌండిన్యస గోత్రోద్భవస్య, కా... కామేశ్వర శర్మణః...” మూడుసార్లూ ఆగాడు, మూడుసార్లూ చెప్పాడు. నాకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

భోజనాల దగ్గర ఆ తాతగారు అతని చెయ్యి పట్టుకున్నారు. “ఎన్ని పెళ్లిళ్లు చూశానో నాయనా. మా నాన్నగారి పేరు అందరూ గబగబా మింగేసేవారే. ఇవాళే నిండుగా విన్నాను.”

సుబ్రహ్మణ్యానికి నత్తి పూర్తిగా పోలేదు. పౌరోహిత్యం మాత్రం నిలబడింది. అంతవరకు నత్తి ఎంత తగ్గిందన్నదే నా లెక్క. ఆ పెళ్లి తర్వాత అది మారింది. కొత్తగా వచ్చినవాళ్లను ‘ఎక్కడ ఆగిపోతారు?’ అని అడగడం మానేశాను. ‘ఏ మాట చెప్పకుండా తప్పించుకు తిరుగుతున్నారు?’ అని అడుగుతున్నాను. చాలామంది ఆగి ఆగి, తమ పేరే చెబుతారు.