విప్పకుండా నేసిన చీర

ఇంగ్లీషులో నేను ఫెయిలయితే ధర్మవరంలో మా వీధంతా నవ్వింది. "దొరసాని బోల్తా పడిందంటనే!" అన్నారు. నాకు ముక్కు మీదే కోపం. నవ్వినోళ్ల ఇండ్ల ముందర నడవడమే మానుకుంటి. ఎస్సెల్సీ పాసయితే టీచర్ ట్రైనింగు, లేకుంటే జన్మంతా ఇంట్లో మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టుకోవడమే.

గ్రామరు రాక కాదు. సిన్స్ యాడ పెట్టాల, ఫర్ యాడ పెట్టాల, నిద్దర్లో లేపి అడిగినా చెప్పేదాన్ని. హిందూపురంలో పరీక్ష రాస్తా రాస్తా సగం పేజీ అయినాక చూసుకుంటే, రెండో వరసలోనే ఫర్ ఉండాల్సిన తావులో సిన్స్ పడిండాది. మా మగ్గం మీద తప్పు కనబడితే, ఆ తప్పు దాకా వెనక్కి విప్పి మళ్లీ నేయాల. నేనూ అట్లే, ఆ మాట నుంచి కిందిదంతా కొట్టేసి మళ్లీ రాస్తి. ఇంకో తప్పు. మళ్లీ కొట్టేస్తి. ఇంతలో గంట కొట్టేసినారు, సగం ప్రశ్నలు అట్లే మిగిలిపోయినాయి.

సెప్టెంబరు పరీక్షకు ముందు నాయన నన్ను రైల్లో పెనుకొండకు తీసుకపోయినాడు. ఆడ ఒక రిటైరయిన పంతులు నాతో ఒక పేజీ రాయించి, చూసి తల పట్టుకున్నాడు.

"ఒక్క మాట తప్పయితే కిందివన్నీ ఏం పాపం చేసినాయమ్మా?"

"తప్పు మీద నేస్తే గుడ్డంతా తప్పే కదా సార్" అంటి.

పంతులు నాయన వైపు చూసినాడు. నాయన తల దించుకున్నాడు. నేర్పింది ఆయనే మరి.

నెల దినాలు ఆదివారమాదివారం పోయినా నా చెయ్యి మాట వినలా. పుర్రెకు పుట్టిన బుద్ధి యాడికి పోతాది! నాకు ఏడుపొచ్చేది.

పరీక్ష ముందునాడు పొద్దున్నే నాయన మగ్గం దగ్గరికి పిలిచినాడు. నేస్తాండే చీర కొంగులో ఒక జరీ బుటా వంకర పోయిండాది.

"విప్పు నాయనా" అంటి.

"విప్పను" అని నా కండ్ల ముందరే ఇంకో జానెడు నేసినాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఆయన ఒక్క తప్పును దాటి పోయింది నేను చూడలా. "తప్పు ఒక్కటే అమ్మీ. చీర చీరే. ఇంక నువ్వు పో, చదువుకో పో" అన్నాడు.

మా చీరలు కొనే షావుకారు ఆ చీరను తీసుకోలా. పరీక్షలో మూడో వరసలోనే తప్పు కనబడింది. ఆ ఒక్క మాట కొట్టేసి ముందుకు పోతి. పాసయితి.

ట్రైనింగు అయినాక హిందూపురంలో ఉద్యోగం. మొదటి రోజు ఆ చీరే కట్టుకుంటి. స్టేషనుకు వచ్చిన నాయన నా కొంగు చూసి గొంతు తగ్గించినాడు.

"ఆ బుటా లోపలికి మడుచుకోమ్మా. నలుగురూ చూస్తారు."

"చూడనీ!" అని కసురుకొని కొంగు ఇంకా ముందుకు లాక్కుంటి. రైలు కదిలేదాకా నాయన ఆ బుటానే చూస్తా నిలబడినాడు.