నేలవేము చేదు

యర్రగొండపాలెంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె తలకు కట్టుకున్న గుడ్డ నెత్తుటితో తడిసి ఉంది. ఒడిలో నేలవేము మూట.

"ఏమైంది అక్కా?"

"మా మరిది గొడ్డలి కామతో కొట్టినాడు. వాడు యూరియా చల్లి పెంచిన ఆకులో చేదు లేదని మందుకు ఎవురూ కొనరు. అందుకే నా రాళ్ళచేను రాసియ్యమంటాడు."

మూటలోంచి ఒక ఆకు ఇచ్చింది. నమిలితే నాలుక మొద్దుబారింది.

"రాళ్ళల్లో ఎండకు మాడితేనే ఆ చేదు వస్తాది చెల్లీ. అదే మందు."

బైకు మీద వెంటపడి వచ్చిన మరిది త్రిపురాంతకంలో బస్సెక్కి, ఆమెను జుట్టు పట్టి మెట్ల దాకా ఈడ్చినాడు. నేను అతని చొక్కా పట్టుకుంటే మోచేత్తో నా మూతి పగలగొట్టినాడు. అంతలో ఆమె అతని చెయ్యి కొరికింది. అతను కేకపెట్టి మెట్ల మీంచి రోడ్డు మీద పడేదాకా వదల్లేదు.

ఆమె నోట్లోని నెత్తురు ఊసి, "మార్కాపురం పోలీస్ స్టేషన్ కాడ ఆపు నాయనా" అన్నది డ్రైవరుతో.

నేనూ అక్కడే దిగినాను.