ఎడమవైపు పేజీలు

మా రీసెర్చ్ గైడు సార్ పోయారని నాకు బస్సులో తెలిసింది. మెట్టుగూడలో ఎక్కి, లాలాపేట్‌లో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీకి పోతున్నాను. తార్నాకలో ఎక్కిన మా డిపార్ట్‌మెంట్ జూనియర్ నన్ను చూసి పక్కన కూర్చుంది. "అక్కా, నీకెవ్వరు చెప్పలేదా? సార్ పోయిన్రు. గురువారమే సమాధి చేసిన్రు" అన్నది. ఐదేళ్ళుగా రోజుకు రెండుసార్లు ఆయన ఇంటి సందు ముందు నుంచే పోతున్నదాన్ని. ఆఖరి చూపుకు కూడా అందలేదు.

ఆయన యూనివర్సిటీలో బోటనీ చెప్పేవారు. గుంటూరు వైపు మనిషి. ఆదివారం చర్చి కాగానే, వేసుకున్న తెల్ల చొక్కా మార్చకుండానే, సైకిల్‌కి రెండు గోనెసంచులు కట్టుకుని హాస్టళ్ళ మీద పడేవారు. ఒకవైపే రాసి పారేసిన కాగితం ఏదైనా ఆయనకు కావాలి. పాత నోట్సు, ఎలక్షన్ కరపత్రాలు, ఎవరికీ అందని ప్రేమలేఖలు కూడా ఆ సంచుల్లోకే. చెట్టు కింద కూర్చుని మేమంతా వాటిని దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్టలు వేసి నోటుబుక్కులు చేసేవాళ్ళం. కొత్తగా చేరిన పిల్లలకు ఊరికే ఇచ్చేవాళ్ళం. నిండాక తెచ్చి ఇవ్వాలి, అదొక్కటే షరతు. అప్పుడవి కాగితం మిల్లుకు పోయేవి.

"పారేసే ముందు తిప్పి చూడమ్మా" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో.

నాకు మొదట్లో నవ్వొచ్చేది. వరంగల్ పక్క పల్లె నుంచి వచ్చినదాన్ని, బస్సు టికెట్ వెనక కూడా లెక్కలు చేసినదాన్ని. "మేమైతే లేక చేసేటోళ్ళం సార్. మీరేంది, అన్ని ఉండి గిట్ల చేస్తున్రు?" అన్నానొకసారి. ఆయన దబ్బనంలో దారం ఎక్కిస్తూ, "ఉండి చేసేవాళ్ళు తక్కువనే కదమ్మా నాకీ సంచులు" అన్నారు.

మేం చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. పర్యావరణ దినానికి ఏదైనా పెద్దగా చేద్దామని, సార్‌కు చెప్పకుండా చందాలు వేసుకుని కరపత్రాలు అచ్చువేయించాం. "కాగితం వృథా చేయకండి" అని పైన నేనే రాశాను. క్యాంపస్ అంతా పంచాం. సాయంత్రానికి ఆర్ట్స్ కాలేజీ మెట్ల నుంచి లేడీస్ హాస్టల్ గేటు దాకా నేలంతా అవే. మేం తల దించుకుని నిలబడితే సార్ ఒక్కొక్కటే ఏరుతూ, "మంచి కాగితం అమ్మాయ్, వెనకంతా ఖాళీగా ఉంది. ఈసారి పుస్తకాలు దిట్టంగా వస్తాయి" అన్నారు. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

ఆయనకు ఒకే ఒక్క పంతం ఉండేది. థీసిస్ ఒకవైపే టైపు చేయాలి, ఐదు కాపీలు ఇవ్వాలి అన్నది యూనివర్సిటీ రూలు. రెండువైపులా చేయనివ్వండని ఏటా అర్జీ పెట్టేవారు. జవాబు వచ్చేది కాదు. నా థీసిస్ చెరువుల్లో పెరిగే గుర్రపుడెక్క మీద. అది పూర్తయినప్పుడు, "అర్జీతో కావడం లేదు. ఒకరు చేసి చూపిస్తే కాదనలేరు. నువ్వు చేస్తావా?" అని అడిగారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

టైపు చేసే ఆయన ముందే చెప్పాడు. "అమ్మా, గిట్ల ఇస్తే ఆఫీసుల తీసుకోరు. నీ ఇష్టం." అలాగే అయింది. క్లర్కు పేజీ తిప్పి చూసి, రూల్సు కాగితం నా ముందు పెట్టి వెనక్కి ఇచ్చేశాడు. సార్ వైస్ ఛాన్సలర్ దగ్గరికి పోదామన్నారు, ఒక నెల ఆగమన్నారు. నాకు పదిహేను రోజుల్లో ఉద్యోగం ఇంటర్వ్యూ, థీసిస్ ఇచ్చినట్టు అక్కడ కాగితం చూపాలి. ఇంట్లో నా జీతం కోసం ఎదురుచూస్తున్నారు. ఆగలేకపోయాను. సార్‌కు చెప్పకుండానే మొత్తం ఒకవైపు మళ్ళీ టైపు చేయించి, సంతకానికి తీసుకుపోయాను.

ఆయన ఐదు కాపీలూ తిరగేశారు. ప్రతి పేజీ వెనక తెల్లగా ఉంది. సంతకాలు పెట్టి, "ఇంటర్వ్యూ బాగా చెయ్యమ్మా" అన్నారు.

ఉద్యోగం వచ్చింది. ఆ తరువాతి ఆదివారం సిగ్గేసి పోలేదు. ఆ పై ఆదివారమూ పోలేదు. అలా అలవాటైపోయింది.

సార్ పోయిన వార్త విన్న మరునాడు ఇంటికి పోయాను. సార్ భార్య, మా ఆంటీ, నన్ను గుర్తుపట్టి చేయి పట్టుకున్నారు. వరండాలో కాగితాల సంచులు గోడెత్తు ఉన్నాయి. పాత కాగితాలు కొనే రద్దీవాలాకు చెప్పానన్నారు. "ఈ మధ్య నోటుబుక్కులు ఇస్తే పిల్లలు తీసుకోవడం లేదమ్మా. జిరాక్స్ చేయించుకుంటున్నారట. క్యాంటీన్‌లో గాజు గ్లాసులు తీసేసి ప్లాస్టిక్ కప్పులు పెట్టారు. ఆయన సంచిలో స్టీలు గ్లాసు పెట్టుకుని పోయేవారు. అది చూసి పిల్లలు నవ్వేవారట" అన్నారు. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

లోపలికి పోయి ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నా థీసిస్, గైడుకిచ్చిన కాపీ. "దీన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నీదే కదా, తీసుకో."

తెరిచాను. కుడివైపు నా గుర్రపుడెక్క. ఎడమవైపు, నేను ఖాళీగా వదిలిన పేజీల్లో సార్ చేతిరాత. ఆదివారాల హాజరు పట్టీ. మొదటి పేజీల్లో బోలెడు పేర్లు. తిప్పుతుంటే తగ్గుతూ వచ్చాయి. చదువు అయిపోయి వెళ్ళినవాళ్ళ పేర్లు ఆపేశారు. రానివాళ్ళకు గీత పెట్టారు. రాత ఉన్న చివరి పేజీల్లో, "హాస్టళ్ళు తిరిగాను. ఎవరూ రాలేదు" అని ఒక్క ముక్కే.

కానీ ప్రతి ఆదివారమూ, ఎవరూ రాని ఆదివారం కూడా, అన్నిటికన్నా పైన ఒక పేరు ఉంది. నాది. దానికి ఎప్పుడూ గీత పెట్టలేదు. దాని పక్కన, ఐదేళ్ళూ, ఆయన గుండ్రటి అక్షరాల్లో ఒకే మాట: "సెలవు".

బయట రద్దీవాలా త్రాసు దించుతున్నాడు. నేను ఇంకో పేజీ తిప్పాను. ఎడమవైపు ఏమీ లేదు. ఆ తరువాతి పేజీలోనూ లేదు. చివరి అట్ట దాకా తెల్లగానే ఉంది.