పెట్టెల అంకుల్ ఖాళీ చేతులతో వచ్చిన రోజు

మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ జట్టులో పన్నెండు మంది ఆడపిల్లలున్నారు. వాళ్ళ తండ్రుల్లో ఒకాయన్ని పిల్లలందరూ పెట్టెల అంకుల్ అంటారు. మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. ఇల్లు మారేవాళ్ళ సామాన్లు కట్టడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా జనం బీరువాలూ, పియానోలూ, అత్తగార్ల నిలువుటద్దాలూ సర్ది, టేపు వేసి, నంబరు రాసి, ఒక ఊళ్ళో ఎత్తింది ఇంకో ఊళ్ళో పగలకుండా దించుతున్నాడు. అలాంటి మనిషికి శని ఆదివారాల టోర్నమెంటుకి పిల్లను తీసుకెళ్ళే పని అప్పజెబితే ఏమవుతుందో రెండేళ్ళపాటు కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

నాది కుట్టుపని. జట్టు చొక్కాల వెనక నంబర్లు కుట్టింది నేనే. మా అమ్మాయి పిచ్చర్, అంటే బంతి విసిరేది. ఆటంటే నాకు పడిచచ్చేంత ఇష్టమేమీ లేదు గానీ, రెండు రోజులు మైదానం పక్కన కూర్చోవాలంటే ఎదురుగా ఏదో ఒకటి చూడాలి కదా. నేను ఆయన్ని చూసేదాన్ని.

పొద్దున్న ఆరున్నరకి ఆయన వ్యాను వెనక తలుపు తెరుచుకునేది. ముందు టెంటు దిగేది. దాని కాళ్ళు సమంగా ఉన్నాయో లేదో చూడటానికి వడ్రంగులు వాడే రసమట్టం దిగేది. తర్వాత మడత కుర్చీలు పద్నాలుగు. నీళ్ళకో ఐసు పెట్టె, దెబ్బలకో ఐసు పెట్టె. పిల్లకి రెండు జతల చొప్పున మేజోళ్ళు, వేరు వేరు కవర్లలో, పేర్లు రాసి. తువ్వాళ్ళు, జుట్టు బ్యాండ్లు, వాన కోట్లు, కట్టు గుడ్డలు, ఎండకి రాసుకునే క్రీము, బూట్ల బురద గీకే బ్రష్షు. అయిదు రంగుల దారంతో సూదుల డబ్బా కూడా ఉండేది. కుట్టుపనిదాన్ని నేను పక్కనే ఉండగా ఆయన సూదులు తేవడం నాకు కొంచెం గుచ్చుకుంది. అన్నిటికన్నా చివర టెంటు ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా పరిచేవాడు. గడ్డిలో నడిచి, పట్టా మీద కాళ్ళు తుడుచుకుని, మళ్ళీ గడ్డిలోకే వెళ్ళి కూర్చునేవాళ్ళం.

పెట్టెలన్నిటికీ నంబర్లుండేవి. వాటికో జాబితా. ఆయన కంపెనీ వాళ్ళ అచ్చు కాయితమే, నాలుగు గడులుంటాయి: వస్తువు, పెట్టె నంబరు, ఏ స్థితిలో ఉంది, అందిందా. అడుగున సామాన్లు దింపుకున్న మనిషి సంతకం పెట్టే చోటు. ఎవరైనా వెళ్ళి, అన్నయ్యా పిన్నీసు ఉందా అని అడిగితే, జాబితా చూడకుండానే ఏడో నంబరు పెట్టె ఎడమ పక్క అని చెప్పేవాడు. చెప్పి ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఇంకొకళ్ళు చెయ్యి పెడితే వరస చెడిపోతుందని తనే లేచి వెళ్ళి తెచ్చేవాడు. తెచ్చింది ఇచ్చి, తిరిగొచ్చింది తుడిచి, దాని చోట్లో పెట్టి, మూత వేసేవాడు. ఈ లోపల ఇంకొకళ్ళకి ఇంకోటి కావాలి. అలా ఆయన శనివారమంతా, ఆదివారమంతా వ్యాను వెనక సగం మనిషిగానే కనిపించేవాడు. వీపు మాకు, మొహం పెట్టెలకి.

వాళ్ళమ్మాయి లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడేది. గడ్డి మొదలైన తర్వాత, దూరంగా, ఎడమ మూల. అక్కడికి బంతి రోజుకి మూడుసార్లు వస్తే ఎక్కువ. తల్లి ఆస్పత్రిలో నర్సు, శని ఆదివారాలు ఆవిడకి డ్యూటీ. ఇంటినుంచి వచ్చేది ఈయనొక్కడే. ఒకసారి ఆ పిల్ల వెనక్కి వెనక్కి పరిగెత్తి, పడిపోతూ బంతి పట్టింది. మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ పిల్ల మోకాళ్ళు దులుపుకుంటూ టెంటు వైపు చూసింది. పెట్టెల అంకుల్ చప్పుడు విని వ్యానులోంచి తల బయటపెట్టి, ఎవరికి దెబ్బ తగిలిందమ్మా అని నన్నడిగి, సమాధానం వినకుండా మూడో నంబరు పెట్టెకి పరిగెత్తాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, గ్లౌజు సంగతి జరిగేదాకా.

ఆయన పనిలో ఒక సూత్రం ఉంది. పెట్టెలో ఖాళీ ఉండకూడదు. ఖాళీ ఉంటే సామాను కదులుతుంది, కదిలితే పగులుతుంది. పైగా గాలిని మోయడానికి బండెందుకు అంటాడు. అందుకని బూట్లలో మేజోళ్ళు, మేజోళ్ళలో బ్యాండ్లు, హెల్మెట్లలో తువ్వాళ్ళు కూరేవాడు. సాఫ్ట్‌బాల్ గ్లౌజు అంటే తెలుసుగా, తోలుది, పెద్దది, మధ్యలో గుంట. ఆ గుంట కొన్న రోజు ఉండదు. బంతితో గుద్ది గుద్ది, లోపల బంతి పెట్టి కట్టి, ఆ పిల్ల రెండేళ్ళు కష్టపడితే పడింది. పొరుగూరి టోర్నమెంటుకి సర్దుతున్నప్పుడు ఆ నోరు తెరుచుకున్న గ్లౌజు ఆయన కంట పడింది. పావు పెట్టె నిండా గాలి. ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. దాన్ని చక్కగా మడిచి, అణిచి, కాయితం చుట్టి, టేపు వేసి, పద్నాలుగు కుర్చీల కింద పెట్టాడు.

రెండు రోజుల తర్వాత తీస్తే అది అట్టముక్కలా ఉంది. ఎంత పల్చగా సర్దానో చూడు తల్లీ అని మురిసిపోతూ చేతికిచ్చాడు. ఆ పిల్ల వేళ్ళు దూర్చింది, గ్లౌజు తెరుచుకోలేదు. ఆ పొద్దున్న మొదటి బంతి నేరుగా చేతిలోకే వచ్చింది, గోడకి తగిలినట్టు తగిలి ఎగిరిపోయింది. అవతలి జట్టు పిల్లలు ముగ్గురు ఒకరి వెనకొకరు ఇంటికి, అంటే పరుగు పూర్తయ్యే బేసుకి, చేరారు.

మధ్యాహ్నం విరామంలో నేను టెంటులో ఎవరిదో చొక్కా చెయ్యి కుడుతున్నాను. తండ్రీకూతుళ్ళు నాకు రెండు కుర్చీల అవతల ఉన్నారు. ఆయన గ్లౌజును నూనె రాసి రుద్దుతున్నాడు.

"నాన్నా, నేను ఎక్కడ నిలబడతానో నీకు తెలుసా?" అంది ఆ పిల్ల.

ఆయన చెయ్యి ఆగింది. ఆ పిల్ల చొక్కా నంబరు, బూటు కొలత, ఏ తువ్వాలు ఒంటికి పడదో అన్నీ ఆయనకి తెలుసు.

"మైదానంలోనే కదమ్మా," అన్నాడు.

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, నాలుగో నంబరు పెట్టెలో రుమాళ్ళున్నాయి. సీజను చివరి టోర్నమెంటుకి ఏమీ తేవద్దని, తను ఒక్కడే రావాలని మాత్రం చెప్పింది. ఆ రోజు కూడా తన ఆట చూడకపోతే వచ్చే ఏడు ఆడనంది. గొంతు పెంచకుండా అంది. నాకు సూది వేలిలో దిగింది.

ఆ చివరి టోర్నమెంటు ముందు నాలుగు రోజులూ ఆయన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడని వాళ్ళావిడ ఫోన్లో చెప్పింది. ఊరికే చూసుకుంటానని పెట్టెలు దించాడట, దించాక ఎక్కించాడట. శనివారం పొద్దున్న ఆవిడ వ్యాను తాళం తన సంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆయన జేబులు వెతికింది. రెండు ప్లాస్టర్లు, ఒక టేపు చుట్ట దొరికాయి. మడిచిన కాయితమొకటి, పెన్సిలు ముక్కొకటి ఉంటే, కాయితమే కదా అని వదిలేసింది.

తండ్రీకూతుళ్ళు బస్సులో వచ్చారు. ఆ పిల్ల సంచి ఆ పిల్లే మోసుకుంది. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు జేబుల్లో, కాసేపు నడుం మీద, కాసేపు చంకల్లో పెట్టుకున్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మాలో ఎవరూ ఏమీ తేలేదు. రెండేళ్ళుగా అలవాటు తప్పిపోయింది. పెట్టెల అంకుల్ ఉన్నాడు కదా అని పదకొండు కుటుంబాలూ చేతులూపుకుంటూ వచ్చేశాయి. ఒకళ్ళ దగ్గర ఒక కుర్చీ ఉంది. ఇంకొకళ్ళ దగ్గర ఒక నీళ్ళ సీసా ఉంది, అదీ దారిలో సగం తాగేశారు. నేను తెచ్చింది నా నోరొక్కటే. కోచ్ మేడమ్ వచ్చి టెంటు ఏదని అడిగింది. అందరం ఆయన వైపు చూశాం, ఆయన నేల వైపు చూశాడు.

ఎండ చుర్రుమంటోంది. అన్నయ్యా పిన్నీసు ఉందా అని ఒకావిడ వచ్చింది. లేదమ్మా అన్నాడాయన, చావు కబురు చెప్పే గొంతుతో. తువ్వాలుకి ఒకళ్ళు, ఐసుకి ఒకళ్ళు వచ్చారు. ప్రతి ‘లేదు’కీ ఆయన ఇంకొంచెం కుంగాడు. మూడో ‘లేదు’ తర్వాత లేచి నిలబడ్డాడు. తాళం ఆస్పత్రికెళ్ళి తెచ్చుకుంటాడట, అన్నీ వ్యానులోనే ఉన్నాయట, గంటన్నరలో వచ్చేస్తాడట. ఆట అప్పుడే మొదలవుతోంది.

"కూర్చోండన్నయ్యా," అన్నాను. "మీరు వెళ్తే నీళ్ళు దొరుకుతాయి, పిల్ల దొరకదు."

ఆయన కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల తండ్రిని పన్నెండు మందికి పంచుకుని వాడుకున్నాం, అందులో నా వాటా తక్కువేమీ కాదు. లేచి అందరి మీదా గయ్‌మన్నాను. ఇద్దర్ని నీళ్ళకి తోలాను. కార్ల సీట్ల మీది గుడ్డలు నాలుగు లాక్కొచ్చి, నా కాలరుకి ఎప్పుడూ గుచ్చుకుని ఉండే సూదీదారంతో వాటిని కలిపి కుట్టి, కంచెకి కట్టించాను. వంకరగా వేలాడింది. రసమట్టం లేని లోటు తెలిసింది.

ఆయన గుడ్లప్పగించి ఆట చూస్తున్నాడు. కాసేపటికి నా దగ్గరికి జరిగి, అంత దూరంగా నిలబడ్డది మా పిల్లేనా అని అడిగాడు. అవునన్నాను. ఏం తప్పు చేసిందని అక్కడ పెట్టారని అడిగాడు. అది శిక్ష కాదని, ఆ మూలకి బాగా పరిగెత్తేవాళ్ళనే పెడతారని చెప్పాను. మా పిల్ల పరిగెత్తుతుందా అన్నాడు. మీరే చూడండన్నాను.

అయిదో ఇన్నింగ్స్‌లో గ్లౌజు తోలు తాడు తెగింది. ఆయన అణిచి మడిచిన చోటే. ఆ పిల్ల మేము కూర్చున్న కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అంపైరు ఒక్క నిమిషం ఇచ్చాడు. మాకు తాడు లేదు, ఆ పిల్ల చేతికి సరిపడే ఇంకో గ్లౌజు లేదు. ఆయన కింద కూలబడి తన బూటు లేసు లాగేశాడు. దాన్ని చిల్లుల్లోంచి పోనిచ్చి, బిగించి, ఇరవై రెండేళ్ళుగా పియానోలకి వేసే ముడి వేశాడు. గ్లౌజులో పిడికిలి పెట్టి రెండు గుద్దులు గుద్ది, గుంట పడిందో లేదో చూసి ఇచ్చాడు.

చివరి ఇన్నింగ్స్‌లో మేము ఒక్క పరుగు ముందున్నాం. అవతలి పిల్లలు ఇద్దరు బేసుల మీదున్నారు. ఒక్కరు అవుటయితే చాలు. బంతి ఆకాశంలోకి లేచి ఎడమ మూలకి వెళ్ళింది. ఆ పిల్ల పరిగెత్తింది. నా జన్మలో ఒక ఆడపిల్ల అంత దూరం అంత వేగంగా పరిగెత్తడం నేను చూడలేదు. బంతి గ్లౌజులో పడింది. పడి, అంచు మీదుగా జారింది. వెంటనే తీసి ఇంటి వైపు విసిరింది గానీ, అప్పటికే ఇద్దరూ చేరిపోయారు.

మేమంతా తలలు పట్టుకున్నాం. ఆ నిశ్శబ్దంలో ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు, నిలబడి, లేసు లేని బూటు ఊడి పక్కన పడి ఉండగా. అన్నయ్యా ఓడిపోయాం అన్నాను. తెలుసమ్మా, ఎంత దూరం పరిగెత్తిందో చూశావా అన్నాడు. ఆ పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ముడి మాత్రం ఊడలేదు.

సాయంత్రం నేనూ మా అమ్మాయీ వాళ్ళెక్కిన బస్సే ఎక్కాం. వాళ్ళు నా ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన జేబులోంచి ఆ మడిచిన కాయితం తీసి కూతురికిచ్చాడు. కంపెనీ జాబితానే, పెన్సిలుతో గడులు నింపి ఉంది. నేను మెడ చాచి చదివాను. చదవకుండా ఎలా ఉంటాను.

రెండో ఇన్నింగ్స్, దొర్లుతూ వచ్చిన బంతి, ఎడమ మూల, చెక్కు చెదరలేదు, అందింది. మూడో ఇన్నింగ్స్, బ్యాటు ఊపింది, తగిలింది గాలి, అందింది. జీవితంలో గాలిని లెక్కలోకి తీసుకోని మనిషి దానికీ ఒక వరస కేటాయించాడు. జుట్టు రెండుసార్లు సరిచేసుకున్నది, పిచ్చర్‌ని చూసి నవ్వినది, ఎండకి కళ్ళు చికిలించినది, అన్నీ ఉన్నాయి. చివరి వరసలో ఆఖరి బంతి. స్థితి అన్నచోట ముందు ‘జారింది’ అని రాసి, కొట్టేసి, ‘వెంటనే తీసి విసిరింది’ అని రాశాడు.

ఆ పిల్ల మొత్తం చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. తర్వాత చెయ్యి చాచి పెన్సిలు అడిగింది. కాయితం మోకాలి మీద పెట్టుకుని, అడుగున సామాన్లన్నీ భద్రంగా అందినవి అని అచ్చు వేసిన చోట సంతకం పెట్టింది.

"వచ్చే ఏడు నీళ్ళ పెట్టె తీసుకురా నాన్నా," అంది. "ఎండకి చచ్చిపోయాం."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, పెదాలు కదుపుతూ, మెల్లగా వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

"అదొక్కటే," అంది ఆ పిల్ల, ఆయన చెయ్యి పట్టుకుని.